గోస్తని వెంట నాలుగు రోజులు

డిసెంబరు 24, బుధవారం

మా పడగ్గది తలుపు చట్రం మీద పెన్సిల్ గీతలున్నాయి. ప్రతి డిసెంబరు చివర్లో పిల్లలిద్దర్నీ దానికి ఆనించి నిలబెట్టి, తల మీద స్కేలు పెట్టి గీత గీస్తాను. పక్కనే తేదీ వేస్తాను. ఈసారి ఊరెళ్తున్నాం కాబట్టి ఇవాళ పొద్దున్నే ఆ పని కానిచ్చేశాను. పెద్దమ్మాయి 153 సెంటీమీటర్లు, నిరుటి మీద నాలుగు పెరిగింది. చిన్నోడు 127, వాడు ఆరు పెరిగాడు. దానికి పదమూడేళ్ళు, వాడికి ఎనిమిది. ఇంకో రెండు సెంటీమీటర్లయితే అది నన్ను అందుకుంటుంది.

వాడు ఆరు పెరిగి తను నాలుగే పెరిగిందని అమ్మాయికి కాస్త దిగులు. పిల్లల డాక్టరు గారు ముందే చెప్పారు. ఆడపిల్లలు వేగంగా ఎత్తు పెరిగేది పదకొండు, పన్నెండేళ్ళప్పుడట. నెలసరి మొదలయ్యాక ఆ వేగం తగ్గుతుంది. మగపిల్లలకు ఆ వేగం ఇంచుమించు రెండేళ్ళు ఆలస్యంగా వస్తుంది. అదే మాట దానికి మళ్ళీ చెప్పాను. "తెలుసమ్మా" అంది.

ఏడాది చివర్లో చుట్టాలందరికీ పిల్లల గురించి ఫోన్లో ఓ పెద్ద మెసేజ్ పెట్టడం నాకు అలవాటు. ఏ క్లాసు, ఎంత ఎత్తు, కొత్తగా ఏం నేర్చుకున్నారు, ఇలాంటివి రాస్తాను. ఈసారి ప్రయాణం నుంచి వచ్చాక రాద్దామని ఆగాను. ఆగినందుకే అది ఇంత పెద్దదైంది.

అరకు అన్నది పెద్దమ్మాయే. 2019 డిసెంబరులో ఒకసారి వెళ్ళాం. అప్పుడు దానికి ఏడేళ్ళు, వాడికి రెండు. "నాకు రైలు తప్ప ఏమీ గుర్తు లేదు, మళ్ళీ వెళ్దాం" అని అడిగింది. చిన్నోడైతే అసలు వెళ్ళనే లేదని వాదన. బొర్రా గుహల ముందు వాళ్ళ నాన్న భుజాల మీద కూర్చున్న ఫోటో చూపించినా, "అది నేను కాదు, ఎవరో బాబు" అంటాడు. గుర్తు లేని చోటికి తను వెళ్ళినట్టు కాదని వాడి లెక్క.

సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆయన, నేను, అత్తయ్య, పిల్లలిద్దరు. 2019లో చిన్నోడికి టికెట్టే లేదు, నా పొట్ట మీద పడుకున్నాడు. ఐదేళ్ళ లోపు పిల్లలకు రైల్లో టికెట్ అక్కర్లేదు. ఐదు నిండి పన్నెండు లోపైతే సగం చార్జీ, కానీ బెర్త్ ఇవ్వరు. బెర్త్ కావాలంటే 2016 ఏప్రిల్ నుంచి పూర్తి చార్జీ కట్టాలి. పన్నెండు నిండితే ఇక పెద్దవాళ్ళ లెక్కే. ఈసారి ఐదుగురికీ ఐదు బెర్తులు. టికెట్ మీద అమ్మాయి పేరు పక్కన వయసు 13 అని చూసి కాసేపు ఆ కాగితం చేతిలోనే ఉంచుకున్నాను.

పై బెర్త్ కావాలని అదే అడిగి ఎక్కింది. కాలు ఎక్కడ పెట్టాలో చెప్పబోయేలోపే పైకి వెళ్ళిపోయింది.

డిసెంబరు 25, గురువారం

తెల్లవారుతుండగా విశాఖలో దిగాం. అరకు మీదుగా కిరండూల్ వెళ్ళే పాసింజరు ఏడు కాకముందే బయల్దేరుతుంది. అద్దాల పెట్టె టికెట్లు మాకు దొరకలేదు. అందుకు నాకు విచారం లేదు. స్లీపర్‌లో కిటికీ ఊచల్లోంచి వచ్చే చలిగాలి, కొండవాసన ఆ అద్దాల వెనక ఉండవు. కుడి వైపు కూర్చుంటే లోయలు కనిపిస్తాయని పోయినసారే తెలుసుకున్నాం కాబట్టి అటు కూర్చున్నాం.

కొత్తవలస దాటాక ఎడమకి తిరిగి రైలు కొండల వైపు వెళ్తుంది. శృంగవరపుకోట, బొడ్డవర వరకు పొలాలు, తాటిచెట్లు. ఆ తర్వాత ఎక్కడం మొదలు. బైలడిల్లా గనుల నుంచి ఇనుప ఖనిజం విశాఖ రేవుకి దించి జపానుకి పంపడానికి 1960ల్లో వేసిన లైను ఇది. ఇప్పటికీ దారి పొడవునా ఎర్ర దుమ్ము కొట్టుకున్న గూడ్సు బళ్ళు ఎదురవుతూనే ఉంటాయి. మొత్తం లైను మీద 58 సొరంగాలని చెప్తారు.

చిన్నోడు వాటిని లెక్కపెట్టడానికి నోటుబుక్కు తెచ్చుకున్నాడు. ఒక్కో సొరంగానికి ఒక నిలువు గీత, ఐదోదానికి అడ్డగీత. పోయినసారి ప్రతి సొరంగంలోనూ గుక్కపట్టి ఏడ్చాడు. పెట్టెలో చీకటి పడగానే నేను వాడి చెవులు మూసేదాన్ని, వెలుతురు రాగానే తీసేదాన్ని. నా అరచేతులకి అది ఇంకా గుర్తుంది. ఇవాళ చీకటి రాగానే వాడు పెట్టెలోని పిల్లలందరితో కలిసి కేకలు వేస్తున్నాడు. వెలుతురు రాగానే తల వంచి గీత గీస్తున్నాడు. నాలుక కొసతో పైవరుసలో కదులుతున్న పన్నుని నెడుతూనే ఉన్నాడు. ముందు పళ్ళ పక్కది. వారం రోజులుగా ఊగుతోంది. పాలపళ్ళు మొత్తం ఇరవైకి వాడికి ఊడినవి ఇంకా నాలుగే.

చిమిడిపల్లి దగ్గర్లో అనుకుంటా, ఒక పొడవాటి సొరంగంలో ఉండగా పెద్దమ్మాయి లేచింది. బ్యాగులోంచి చిన్న గుడ్డసంచి తీసుకుని పెట్టె చివరికి నడిచింది. నాకు అర్థమైంది. టెన్షన్ పడి నేనూ వెనకే వెళ్ళాను. ఊగుతున్న రైలు, ఇరుకు బాత్రూమ్, తెలియని చోటు. నా బ్యాగులో ప్యాడ్లు పెట్టుకున్నానా లేదా అని గబగబా గుర్తు చేసుకుంటున్నాను. పెట్టుకోలేదు. దాని తేదీకి ఇంకా వారం ఉందని ధీమాగా ఉన్నాను.

తలుపు దగ్గర అది వెనక్కి తిరిగింది. "నా దగ్గర ఉన్నాయమ్మా. నువ్వెందుకు లేచావు, ఊగుతోంది, కూర్చో" అంది.

కిందటి వేసవిలో పెద్దమనిషి అయింది. అప్పుడు ఫంక్షన్ వద్దంటే వద్దంది. ఇంట్లో వాళ్ళమే చిమ్మిలి చేసుకుని తిన్నాం. ఆ మొదటి మూడు నెలలూ ప్రతిదీ నేనే చూశాను. నాలుగో నెల నుంచి నాకు చెప్పడం తగ్గించింది. ఆ గుడ్డసంచిలో ఏముందో తర్వాత చూశాను. నాలుగు ప్యాడ్లు, మడిచిన లోదుస్తులు, పాత న్యూస్ పేపర్ చింపిన ముక్కలు, చిన్న సబ్బు, నొప్పి మాత్ర ఒకటి. ఆ సంచి దాని చిన్నప్పటి పూల గౌను గుడ్డతో కుట్టింది. కుట్లు వంకరగా ఉన్నాయి. ఎప్పుడు కుట్టుకుందో నాకు తెలియదు. ఒకే ఇంట్లో ఉంటున్నాం.

తిరిగి వచ్చి కిటికీ పక్కన కూర్చుని, "ఎన్ని అయ్యాయిరా?" అని తమ్ముణ్ణి అడిగింది. మా హడావిడిలో వాడు కూడా అటే చూస్తూ రెండు సొరంగాలు వదిలేశాడట. ఇద్దరూ కలిసి మళ్ళీ లెక్క సరిచేసుకున్నారు.

శిమిలిగుడ స్టేషన్లో ఎత్తు 996 మీటర్లని ఉంటుంది. బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో దేశంలోనే ఎత్తయినదని చాలాకాలం దానికి పేరు. ఆయన ఇద్దరికీ చూపించారు. అత్తయ్య శాలువా ఇంకో చుట్టు చుట్టుకున్నారు.

అరకులో చలి బాగా ఉంది. వాడి స్వెటరు నిరుడు కొన్నది, చేతులు మణికట్టు దాకా రావడం లేదు. అమ్మాయి తన స్వెటరు పెట్టుకోలేదు, నాది వేసుకుంది. అది దానికి వదులుగా లేదు. బస చేసిన చోట ముగ్గురు పెద్దలు, ఇద్దరు పిల్లలు అని ముందే మాట్లాడుకుంటే, తీరా వెళ్ళాక అమ్మాయిని పెద్దల్లో లెక్కేసి ఇంకో పరుపుకి డబ్బు అడిగారు. ఆయన కాసేపు వాదించి కట్టేశారు. వలిసె పూలు అప్పటికే అయిపోవచ్చాయి, ఎక్కడో ఒక మడి పసుపు మిగిలింది. గిరిజన మ్యూజియం చూశాం, బొంగులో చికెన్ తిన్నాం. వెదురు బొంగు చీల్చగానే లేచిన ఆవిరిలో చిన్నోడు మొహం పెట్టేశాడు. నూనె చుక్క వెయ్యరని వండేవాళ్ళు చెప్తే అత్తయ్య నమ్మలేకపోయారు.

డిసెంబరు 26, శుక్రవారం

జీపు మాట్లాడుకుని పొద్దున్నే బయల్దేరాం. సుంకరమెట్ట దగ్గర కాఫీ తోటల్లో ఆగాం. నిటారుగా పెరిగిన సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని చుట్టుకుని మిరియాల తీగలు, ఆ నీడలో కాఫీ మొక్కలు. కొమ్మలకి ఎర్రటి పళ్ళు ఇంకా ఉన్నాయి. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మేం పోయినసారి వచ్చిన ఏడాదే. అప్పుడు మాకా సంగతే తెలియదు.

దుకాణంలో ఆయన నాలుగు కాఫీలు చెప్పారు. మూడు చెప్పాలి కదా అని చూశాను. "అడిగింది, ఇవ్వనీ" అన్నారు. ఇంట్లో దానికి ఇప్పటిదాకా పాలే. నేనేమీ అనలేదు. అది ఊదుకుంటూ ఒక గుక్క తాగి, మొహం చేదుగా పెట్టకుండా ఆపుకోవడం చూశాను. చక్కెర అడగలేదు. మొత్తం తాగింది.

బొర్రా గుహలకి చేరేసరికి పదిన్నర. సెలవులు కావడంతో జనం విపరీతం. పైన ఎండ, లోపలికి పది మెట్లు దిగగానే తడి చలి, గబ్బిలాల వాసన. లోపలి ఆవరణ ఎంత పెద్దదంటే కింద నడుస్తున్న మనుషులు చీమల్లా కనిపించారు. రంగు దీపాలు వేసి ఉంచారు. నాకైతే ఆ రంగులు లేకపోతేనే బాగుంటుందనిపించింది. రాయి తన రంగులో తను ఉంటే చాలు.

మాకు దొరికిన గైడు ఆ ఊరి కుర్రాడే. ఆవు కథ చెప్పాడు. కొండ మీద మేస్తున్న ఆవు ఒక కంతలోంచి కిందకి పడిపోయిందట. వెతుక్కుంటూ వచ్చిన పశువుల కాపరికి ఆవుతో పాటు గుహ, గుహలో శివలింగం కనిపించాయట. ఆవు పొదుగులోంచి పుట్టింది కాబట్టి ఇక్కడి ఏరు గోస్తని అయింది. ఇప్పటికీ ఆ నీళ్ళు గుహల కిందుగా పారుతూనే ఉన్నాయి. మనం వచ్చిన రైలు కూడా సరిగ్గా ఈ కప్పు మీదుగానే వెళ్తుందని అతను పైకి చూపిస్తే, చిన్నోడు నోరు తెరిచి అలాగే పైకి చూస్తూ ఉండిపోయాడు.

పైనుంచి రాతి ఊడలు వేలాడుతున్నాయి, కింద నుంచి రాతి మొలకలు లేస్తున్నాయి. ఒకచోట రెండూ కలవడానికి జానెడు దూరమే మిగిలింది. ఊడ కొసన ఒక నీటిబొట్టు నిలిచి ఉంది. చిన్నోడు దాని కింద చెయ్యి పెట్టి, పడేదాకా కదలనన్నాడు. మా వెనక జనం ఆగారు. ఆయన వాళ్ళని పక్కనుంచి పంపుతూ ఉన్నారు. బొట్టు లావెక్కింది, సాగింది, దీపపు వెలుగు అందులో తలకిందులైంది. టప్పున వాడి అరచేతిలో పడింది. వాడు చెయ్యి నాలిక్కి తాకించి, "ఉప్పగా లేదు" అన్నాడు.

వాననీళ్ళు గాలిలోంచి, మట్టిలోంచి కార్బన్ డయాక్సైడ్ కలుపుకుని కొంచెం ఆమ్లంగా మారతాయి. అవి సున్నపురాయిని కొద్దికొద్దిగా కరిగించుకుని దిగుతాయి. గుహలోకి వచ్చి బొట్టుగా నిలిచినప్పుడు ఆ వాయువు బయటికి పోతుంది, సున్నం రాయికి అంటుకుని మిగులుతుంది. ఇదంతా వాడికి చెప్పింది వాళ్ళక్కే.

"అయితే రోజుకి ఎంత పెరుగుతుందక్కా?"

"రోజుకి కాదురా. మామూలుగా ఏడాదికి మిల్లీమీటర్‌లో పదో వంతు ఉంటుందేమో, ఒక్కోచోట ఇంకా తక్కువ." అది కాస్త ఆగి లెక్కేసింది. "నువ్వు ఈ ఏడాది ఆరు సెంటీమీటర్లు పెరిగావు కదా. ఈ రాయి అంత పెరగాలంటే ఆరువందల ఏళ్ళు పడుతుంది."

వాడు ఊడ వైపు, తన కాళ్ళ వైపు మార్చి మార్చి చూసుకున్నాడు. నేనూ చూశాను. ఆ గీత నేను మొన్ననే గీశాను. ఆరు సెంటీమీటర్లంటే నా బొటనవేలంత. ఆరువందల ఏళ్ళ పని వీడు ఎప్పుడు చేశాడు? ఏ రాత్రి నిద్రలో, ఏ అన్నం ముద్దతో? పక్కనే పడుకున్నదాన్ని నేను చూడనే లేదు.

లింగం ఉన్న చోటు గుహలో ఎత్తుగా ఉంటుంది, ఇరుకు మెట్లెక్కి వెళ్ళాలి. గుహ దగ్గరికి వచ్చినప్పటి నుంచీ నాకు ఆ సంగతే మనసులో ఉంది. అత్తయ్య ఇంట్లో ఈ విషయంలో గట్టిగా ఉంటారు. ఆ రోజుల్లో పూజగది గడప తొక్కనివ్వరు. నేను ఆమెకి ఏమీ చెప్పలేదు. అమ్మాయిని ఇబ్బంది పెట్టకుండా ఎలా ఆపాలా, అసలు ఆపాలా అని తేల్చుకోలేక నడుస్తున్నాను.

మెట్ల దగ్గర అదే వాళ్ళ నాయనమ్మ చెయ్యి పట్టుకుని మామూలుగా చెప్పింది. "నాయనమ్మా, నాకు నిన్నటి నుంచి పీరియడ్స్. నేను పైకి రావచ్చా, నీకు బాధగా ఉంటుందా?"

రావచ్చా అని ఒక్కటే అడిగి ఉంటే అత్తయ్య వద్దనేవారేమో. నీకు బాధగా ఉంటుందా అని అడిగింది. అత్తయ్య వెంటనే జవాబు చెప్పలేదు. మెట్ల వైపు చూసి, దాని వైపు చూసి, "నా మోకాళ్ళతో ఇవి నేనూ ఎక్కలేను తల్లీ. ఇద్దరం ఇక్కడే కూర్చుందాం రా" అన్నారు.

మేం ముగ్గురం ఎక్కాం. లింగం చిన్నది, పసుపు, కుంకుమ, తడి. దణ్ణం పెట్టుకుని వెనక్కి తిరిగితే కింద వాళ్ళిద్దరూ కనిపించారు. ఒక రాతి అరుగు మీద ఆనుకుని కూర్చున్నారు. అత్తయ్య ఏదో చెప్తున్నారు, అది మొహం ఎత్తి వింటోంది. జనం గోలలో ఒక్క ముక్క కూడా వినపడలేదు.

రాత్రి అనంతగిరిలో పడుకునే ముందు అడిగితే చెప్పింది. వాళ్ళ నాయనమ్మకి కూడా పదమూడో ఏటే వచ్చిందట. వసారా చివర చాప, వేరే కంచం, వేరే చెంబు. ఎవరినీ తాకకూడదు. "ఏడ్చేదానివా అని అడిగానమ్మా. లేదంది. ఆ మూడు రోజులూ ఎవరూ పని చెప్పేవాళ్ళు కాదట. వాళ్ళ మేనమామ తెచ్చిన పుస్తకాలన్నీ ఆ చాప మీదే చదివిందట. పెళ్ళయ్యాక అంత చదవడం కుదరలేదంది."

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి పదిహేనేళ్ళయింది. ఈ మాట ఎప్పుడూ వినలేదు. ఆవిడకి పుస్తకాలంటే ఇష్టమని కూడా తెలియదు.

డిసెంబరు 27, శనివారం

ఘాట్‌రోడ్డు దిగుతుంటే చిన్నోడికి వాంతి వచ్చేలా ఉందంటే రెండుసార్లు ఆపాం. శృంగవరపుకోట చేరాక ఊపిరి పీల్చుకున్నాం. అక్కణ్ణుంచి తాటిపూడి జలాశయానికి వెళ్ళాం. గోస్తనికి అడ్డంగా 1960ల్లో కట్టిన ఆనకట్ట ఇది. విశాఖకి తాగునీళ్ళు కొన్ని ఇక్కడి నుంచే వెళ్తాయి. నిన్న గుహలో వాడి అరచేతిలో పడిన బొట్టు లాంటివే అన్నీ కలిసి ఇక్కడ ఇంత నీరయ్యాయి. చుట్టూ కొండలు, మధ్యలో గాలి లేక అద్దంలా ఉన్న నీళ్ళు. పడవెక్కలేదు. గట్టు మీద చెట్టు నీడలో దుప్పటి పరుచుకుని కూర్చున్నాం.

దారిలో తేగలు కొన్నాం. ఇది వాటి కాలం. అత్తయ్య పై తొక్క ఒలిచి, నిలువుగా చీల్చి, మధ్యలో ఉండే లేత ఆకుమొలకని బయటికి తీశారు. మా ఇళ్ళల్లో దాన్ని చందమామ అంటారు. తేగంతటికీ ఒక్కటే ఉంటుంది. చిన్నప్పుడు అది నాదంటే నాదని ఇద్దరూ కొట్టుకునేవాళ్ళు. అత్తయ్య చెయ్యి మామూలుగా పెద్దమ్మాయి వైపే వెళ్ళింది. అది తీసుకుని, ఏమీ అనకుండా, పక్కన కూర్చున్న తమ్ముడి నోట్లో పెట్టేసి తను పీచు ముక్క నమలడం మొదలుపెట్టింది.

వాడికి చందమామతో సరిపోలేదు. ఇంకో తేగ తీసుకుని ముందు పళ్ళతో పీచు లాగాడు. లాగి, ఆగిపోయాడు. నోట్లో వేలు పెట్టి చూసుకుని, తేగ ముక్క మా ముందుకి చాపాడు. పీచులో బియ్యపుగింజ కంటే కొంచెం పెద్దగా తెల్లగా పన్ను ఇరుక్కుని ఉంది. మొదట్లో కొంచెం రక్తం. ఏడుస్తాడేమో అని నీళ్ళ సీసా అందుకున్నాను. వాడే సీసా తీసుకుని నీళ్ళు పుక్కిలించి, చిగురు మీద నాలుక తిప్పి చూసి, "కొత్తది గుచ్చుకుంటోంది, అప్పుడే వచ్చేసింది" అన్నాడు. నిజమే. కింద రంపంలా అంచున్న కొత్త పన్ను తెల్లగా తొంగి చూస్తోంది. పాత పన్ను ఊగుతున్నన్నాళ్ళూ అది కింద సిద్ధంగానే ఉందన్నమాట.

తర్వాత వాడికి పెద్ద దిగులు పట్టుకుంది. నిన్ననే ఊడి ఉంటే గుహలో ఆ బొట్టు కింద పెట్టేవాడినని, వెయ్యేళ్ళలో దాని మీద రాయి పెరిగేదని. పన్ను కూడా కాల్షియమే కదా అని వాడి వాదన. "రాయిది కార్బొనేట్, పన్నుది ఫాస్ఫేట్" అంది అక్క. "అయినా పెరుగుతుంది" అన్నాడు. అది కాసేపు ఆలోచించి, "పెరగచ్చు" అని ఒప్పుకుంది.

పాలపన్ను ఇంటి కప్పు మీద వెయ్యాలి అన్నారు అత్తయ్య. మా చిన్నప్పుడు పేడలో చుట్టి పెంకుల మీదకి విసిరేవాళ్ళం. మేముండేది నాలుగో అంతస్తులో. మా మీద ఇంకో ఇల్లు, దాని మీద ఇంకో ఇల్లు. జలాశయంలో వేద్దామా అని చిన్నోడు నీళ్ళ వైపు చూశాడు. "ఆ నీళ్ళు తాగుతార్రా" అంది అక్క. చివరికి పాసింజరు రైలు టికెట్‌లో మడిచి నా పర్సులో పెట్టాడు. ప్రతి గంటకీ ఉందా లేదా అని అడుగుతూనే ఉన్నాడు.

రాత్రికి భీమిలి చేరాం.

డిసెంబరు 28, ఆదివారం

పొద్దున్నే గోస్తని సముద్రంలో కలిసే చోటుకి వెళ్ళాం. భీమిలి పాత ఊరు. పదిహేడో శతాబ్దంలో డచ్చివాళ్ళు ఇక్కడ వ్యాపారం చేశారు, వాళ్ళ సమాధులు ఇంకా ఉన్నాయి. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు. అవన్నీ ఆయనకి ఇష్టం, నెమ్మదిగా చూస్తానని వెళ్ళారు. మేం నలుగురం ఇసుకలో నడిచాం.

ఏరు అక్కడ ఏమంత వేగంగా లేదు. వెడల్పుగా, కాస్త మట్టిరంగుగా, తీరికగా వచ్చి ఇసుక తిన్నె పక్కనుంచి సముద్రంలోకి జారుతోంది. అల వచ్చినప్పుడు వెనక్కి తోసుకొస్తుంది, అల పోగానే మళ్ళీ వెళ్తుంది. రెండు నీళ్ళు కలిసే చోట గీతలా నురగ. జాలర్లు ఒడ్డున వలలు దులుపుకుంటున్నారు.

చిన్నోడు పన్ను అడిగి తీసుకున్నాడు. ఇంటి కప్పు మీదకి ఎలా విసిరేవాళ్ళమో చెయ్యి ఊపి చూపించమన్నాడు. చూపించాను. రెండడుగులు వెనక్కి వేసి, చెయ్యి తిప్పి, పైకి విసిరాడు. అంత చిన్నది ఎండలో ఒక్క క్షణం కూడా కనిపించలేదు. ఏట్లో పడిందని వాడు, సముద్రంలో పడిందని అక్క. ఇద్దరూ మోకాళ్ళ లోతు నీళ్ళలోకి వెళ్ళి వేలుతో చూపించుకుంటూ చాలాసేపు వాదించుకున్నారు. నేను వెనక్కి రమ్మని రెండుసార్లు పిలిచాను. మూడోసారి పిలవలేదు. అది వాడికంటే ముందుకు నిలబడి ఉంది, అల వచ్చే వైపు.

మధ్యాహ్నానికి బీచ్‌రోడ్డు మీదుగా విశాఖ వచ్చి కురుసుర జలాంతర్గామి చూశాం. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసింది. పోయినసారి చిన్నోడు లోపల అంతసేపూ నిద్రపోయాడు. ఈసారి ప్రతి మీట దగ్గరా ఆగాడు. గుండ్రటి గుమ్మాల్లో దూరేటప్పుడు అమ్మాయి తల వంచాల్సి వచ్చింది.

సాయంత్రం మళ్ళీ గోదావరి ఎక్స్‌ప్రెస్. రాత్రి రాజమండ్రి వంతెన వస్తోందని ఎవరో అనగానే అత్తయ్య కొంగుముడి విప్పి, ఒక రూపాయి బిళ్ళ చిన్నోడి చేతిలో పెట్టారు. 2019లో ఇదే వంతెన మీద పిల్లలిద్దరూ నిద్రలో ఉన్నారు, ఇద్దరి తరఫునా నేనే వేశాను. వాడు సీటు మీద మోకాళ్ళ మీద నిలబడి కిటికీ పైకెత్తాడు. చలిగాలి ఒక్కసారిగా లోపలికి కొట్టింది. వంతెన చప్పుడు మొదలైంది. బిళ్ళ ఇనుపకమ్మీలకి తగలకుండా వెయ్యాలని ఊచల్లోంచి చెయ్యి భుజం దాకా బయటికి పెట్టాడు.

నా గుండె గొంతులోకి వచ్చి, ఎదుటి సీటులోంచి లేవబోయాను. అప్పటికే పెద్దమ్మాయి వాడి చొక్కా వెనక నుంచి గుప్పెటతో బిగించి పట్టుకుని ఉంది. రెండో చేత్తో మోచెయ్యి పట్టి వెనక్కి లాగుతోంది. "మణికట్టు దాకా చాలు. ఇంకా కాదు, నీళ్ళు రానీ," అంటోంది వాడి చెవిలో, "ఇప్పుడు వెయ్యి."